విదేశాల్లో స్కీయింగ్, స్నోబోర్డింగ్: ఆగడం వచ్చాకే పైకి వెళ్లండి

విదేశీ ట్రిప్‌లో స్కీయింగ్ అంటే రోజులు తక్కువ, ఖర్చు ఎక్కువ, పక్కనేమో ఇదివరకే బాగా నేర్చుకున్న ఫ్రెండ్స్. ఈ మూడూ కలిస్తే ఎవరికైనా తొందర పుడుతుంది. పొద్దున క్లాసులో నిలబడటం నేర్చుకుని మధ్యాహ్నానికే కొండ పైకి వెళ్లిపోతారు, అక్కడి నుంచి కిందికి చూసేసరికి కాళ్లు వణుకుతాయి, వెనక్కి వెళ్లే దారి ఉండదు. మంచు మీద దెబ్బలు తగిలించుకునేవాళ్లందరూ దుడుకు మనుషులని అనుకోకండి, వాళ్లలో చాలామంది మామూలుగా జాగ్రత్తగా ఉండేవాళ్లే, కాకపోతే తమ స్థాయికి మించిన చోట ఇరుక్కుపోయారు. అందుకే ముందే చెప్పేస్తున్నాను: అనుకున్న చోట, అనుకున్న క్షణాన ఆగగలిగేదాకా బిగినర్ ఏరియా వదిలి, కొండ పైకి తీసుకెళ్లే పెద్ద లిఫ్ట్ ఎక్కకండి. మలుపులు అందంగా రాకపోయినా పర్వాలేదు, వేగం రాకపోయినా పర్వాలేదు, ఆగడం మాత్రం రావాలి. మిగతా జాగ్రత్తలు చాలానే ఉన్నాయి, వాటిలో కొన్ని విమానం ఎక్కకముందే చూసుకోవాల్సినవి.

ఇన్సూరెన్స్ పాలసీని చివరి పేజీ దాకా చదవండి

షెంగెన్ వీసా మీద యూరప్ వెళ్తుంటే కనీసం 30,000 యూరోల మెడికల్ కవర్ ఉన్న పాలసీ ఎలాగూ తీసుకుంటారు. అది ఉంది కదా అని ధీమాగా ఉండిపోకండి. వీసా కోసం తీసుకునే మామూలు ట్రావెల్ పాలసీల్లో స్కీయింగ్, స్నోబోర్డింగ్ లాంటివి తరచుగా మినహాయింపుల జాబితాలో ఉంటాయి, అంటే హోటల్ మెట్ల మీద జారిపడి కాలు విరిగితే డబ్బు వస్తుంది, స్లోప్ మీద విరిగితే రాదు. 'వింటర్ స్పోర్ట్స్' అనే యాడ్-ఆన్ విడిగా ఉందేమో చూడండి, లేకపోతే ఆ కవర్ ఉన్న వేరే పాలసీ తీసుకోండి. తీసుకునేటప్పుడు కంపెనీకి మెయిల్ పెట్టి రాతపూర్వకంగా అడగాల్సినవి ఇవి: కొండ మీద నుంచి కిందికి దించే ఖర్చు, అవసరమైతే హెలికాప్టర్ ఖర్చు ఇస్తారా, మన వల్ల ఇంకొకరికి దెబ్బ తగిలితే వాళ్లకి కట్టాల్సిన పరిహారం కవర్ అవుతుందా, గుర్తు పెట్టిన దారి దాటి వెళ్తే ఏమవుతుంది, మందు తాగి ఉంటే ఏమవుతుంది. చివరి రెండింటికీ చాలా పాలసీల్లో జవాబు 'పైసా రాదు' అనే ఉంటుంది, ఆ సంగతి ముందే తెలిస్తే మంచిది.

ఇంకొకరికి కట్టాల్సిన పరిహారం గురించిన ప్రశ్నని చాలామంది అసలు పట్టించుకోరు. ఇటలీలో 2022 జనవరి నుంచి స్కీ స్లోప్ మీదికి వెళ్లే ప్రతి ఒక్కరికీ థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి, లేకపోతే ఫైన్ పడుతుంది. లిఫ్ట్ పాస్ కొనేటప్పుడే దాన్ని కూడా కలిపి తీసుకోవచ్చు. ఫ్రాన్స్‌లో అయితే 'కారే నేజ్' అని లిఫ్ట్ పాస్‌తో పాటు రోజువారీగా తీసుకునే ఇన్సూరెన్స్ ఉంది, రెస్క్యూ ఖర్చు అందులో వస్తుంది. మీ పాలసీలో ఏ కొంచెం అనుమానం ఉన్నా కౌంటర్ దగ్గరే ఇది తీసేసుకోండి, ఆలోచించొద్దు. అమెరికాలో స్కీ పెట్రోల్ వాళ్లు, అంటే స్లోప్‌ల మీద గస్తీ తిరిగే రక్షణ సిబ్బంది, రిసార్ట్ హద్దుల్లోపల నుంచి మిమ్మల్ని స్లెడ్ మీద కిందికి తెచ్చినందుకు సాధారణంగా డబ్బు అడగరు, కానీ అంబులెన్స్ తలుపు తెరిచిన దగ్గర నుంచి బిల్లు మొదలవుతుంది, అక్కడి హాస్పిటల్ ఖర్చుల గురించి మీకు వేరే చెప్పక్కర్లేదు.

పాలసీ నంబర్, కంపెనీ ఎమర్జెన్సీ నంబర్ ఫోన్‌లో మాత్రమే పెట్టుకోకండి. చలికి ఫోన్ బ్యాటరీ ఉన్నట్టుండి పడిపోతుంది. ఒక కాగితం మీద రాసి జాకెట్ లోపలి జేబులో పెట్టండి, బ్లడ్ గ్రూప్, అలర్జీలు, రోజూ వేసుకునే మందుల పేర్లు కూడా అందులోనే.

ఇక ఒళ్లు సంగతి. స్కీయింగ్‌లో తొడలు, పిక్కలు, నడుము రోజంతా పనిచేస్తూనే ఉంటాయి. ట్రిప్‌కి నెలా నెలన్నర ముందు నుంచి గుంజీళ్లు, గోడకి ఆనుకుని కుర్చీలో కూర్చున్నట్టు నిలబడటం, మెట్లు ఎక్కి దిగడం చేస్తే చాలు. జిమ్ అక్కర్లేదు.

అద్దె షాపులో బరువు దగ్గర మొహమాటపడకండి

స్కీ బూటుని స్కీకి పట్టి ఉంచే భాగాన్ని బైండింగ్ అంటారు. మీరు పడినప్పుడు అది సరైన సమయంలో విడిపోవాలి, విడిపోకపోతే స్కీ ఒకవైపు, ఒళ్లు ఒకవైపు తిరిగి మధ్యలో మోకాలు నలుగుతుంది. స్కీయింగ్‌లో మోకాలి లిగమెంట్ దెబ్బలు అంత ఎక్కువగా ఉండటానికి ఈ మెలిక పెద్ద కారణం. ఎంత బలానికి విడిపోవాలో షాపులో సెట్ చేస్తారు, దాన్ని డిన్ సెట్టింగ్ అంటారు. మీ బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, మీరు ఎలా స్కీ చేస్తారు అన్న ఐదు విషయాలని బట్టి ఆ అంకె వస్తుంది. కాబట్టి ఫారంలో బరువు ఉన్నది ఉన్నట్టు రాయండి. వెనక క్యూలో ఎవరున్నా సరే. 'నేను ఎలా స్కీ చేస్తాను' అన్న దగ్గర బిగినర్ అయితే బిగినర్ అనే రాయండి, పైస్థాయి రాస్తే బైండింగ్ బిగుతుగా పెడతారు, నెమ్మదిగా పడినప్పుడు అది విడిపోదు. ఫ్రెండ్ స్కీలు తీసుకుని మీ బూట్లు పెట్టుకోవడం, మధ్యలో బూట్లు మార్చుకోవడం, స్క్రూడ్రైవర్‌తో ఎవరో ఒకరు తిప్పేయడం, ఇవేవీ వద్దు. బూటు మారితే సెట్టింగ్ మళ్లీ షాపులోనే చేయించాలి. స్నోబోర్డ్ బైండింగ్స్ మాత్రం పడినా విడిపోవు, రెండు కాళ్లూ బోర్డుకి అలాగే ఉంటాయి, అందుకే బోర్డర్లకి మోకాళ్ల కన్నా మణికట్లు, భుజాలు ఎక్కువగా దెబ్బతింటాయి. స్నోబోర్డ్ కొత్తగా నేర్చుకుంటుంటే రిస్ట్ గార్డ్స్ తీసుకోండి. వీపు మీద, పిరుదుల మీద పడటం ఎలాగూ తప్పదు, లోపల వేసుకునే ప్యాడెడ్ షార్ట్స్ దొరికితే మొదటి రెండు రోజులూ చాలా హాయి.

బూటు విషయంలో 'కొంచెం వదులుగా ఉంటే సౌకర్యంగా ఉంటుంది' అనుకోవద్దు. నిటారుగా నిలబడితే కాలి వేళ్లు ముందు భాగానికి తగిలీతగలనట్టు ఉండాలి, మోకాళ్లు వంచి ముందుకి వాలితే కాస్త వెనక్కి రావాలి, మడమ పైకి లేవకూడదు. లోపల ఒకే ఒక్క సాక్, అదీ పల్చటి స్కీ సాక్. చలికి భయపడి రెండు జతలు వేసుకుంటే రక్తప్రసరణ తగ్గి పాదాలు ఇంకా చల్లబడతాయి. కాటన్ ఎక్కడా వద్దు, జీన్స్ అస్సలు వద్దు, తడిసిందంటే ఒంట్లో వేడి లాగేస్తుంది. ఉన్ని లేదా సింథటిక్ లోపలి పొర, మధ్యలో ఫ్లీస్, పైన నీళ్లు, గాలి లోపలికి రాని జాకెట్, ప్యాంటు. మెడకి వేలాడే మఫ్లర్ బదులు తల మీద నుంచి వేసుకునే నెక్ వార్మర్ మంచిది, మఫ్లర్ లిఫ్ట్‌లో చిక్కుకోవచ్చు.

హెల్మెట్ గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే 'మేము చిన్న స్లోప్ మీదే కదా' అనేవాళ్లు ప్రతి గుంపులోనూ ఉంటారు. నటి నటాషా రిచర్డ్‌సన్ 2009 మార్చిలో కెనడాలోని మోంట్ ట్రెంబ్లాంట్‌లో బిగినర్ స్లోప్ మీద క్లాసులో ఉండగానే పడిపోయారు. హెల్మెట్ లేదు. లేచి మామూలుగా మాట్లాడారు, వైద్యసాయం వద్దన్నారు. గంట తిరక్కుండానే తలనొప్పి మొదలైంది, పుర్రె లోపల రక్తస్రావం జరిగింది, రెండు రోజుల్లో చనిపోయారు. ఆమెకి 45 ఏళ్లు. హెల్మెట్ కూడా అన్నిటినీ ఆపలేదు, 2013 డిసెంబర్‌లో ఫ్రాన్స్‌లోని మెరిబెల్‌లో ఫార్ములా వన్ మాజీ ఛాంపియన్ మైకేల్ షూమాకర్ హెల్మెట్ పెట్టుకునే ఉన్నారు, గుర్తు పెట్టిన దారి పక్కన రాళ్లున్న చోట పడి తల రాయికి తగిలింది. పెట్టుకోవాలి, పెట్టుకున్నాం కదా అని వేగం పెంచకూడదు, రెండూ నిజమే. ఇటలీలో 2025 నవంబర్ నుంచి అన్ని వయసుల వాళ్లకీ హెల్మెట్ తప్పనిసరి చేశారు, అంతకు ముందు 18 ఏళ్లలోపు వాళ్లకే ఉండేది. బెల్ట్ పెట్టకుండానే తల అటూ ఇటూ ఊపితే కదలకుండా ఉండాలి, నుదుటి దగ్గర గాగుల్స్‌కీ హెల్మెట్‌కీ మధ్య ఖాళీ ఉండకూడదు. లోపల ఉన్ని టోపీ పెట్టుకోకండి, పట్టు పోతుంది.

రంగుల భాష దేశదేశానికీ మారుతుంది

స్లోప్ ఎంత కష్టమో రంగులతో చెబుతారు. యూరప్‌లో నీలం తేలిక, ఎరుపు మధ్యస్థం, నలుపు కష్టం. ఫ్రాన్స్, స్పెయిన్‌లో నీలం కన్నా తేలికైన ఆకుపచ్చ కూడా ఉంటుంది, ఆస్ట్రియా, ఇటలీలో మామూలుగా నీలం నుంచే మొదలు. అమెరికా, కెనడాలో ఆకుపచ్చ వృత్తం తేలిక, నీలం చతురస్రం మధ్యస్థం, నల్ల డైమండ్ కష్టం, రెండు నల్ల డైమండ్లు ఉంటే మీరు ఆ వైపు చూడకపోయినా నష్టం లేదు. జపాన్‌లో ఆకుపచ్చ, ఎరుపు, నలుపు. చూశారా తేడా: నీలం అంటే ఆస్ట్రియాలో బిగినర్‌కి, అమెరికాలో బిగినర్ దాటినవాళ్లకి. ఒక దేశంలో నేర్చుకుని ఇంకో దేశానికి వెళ్లేవాళ్లు సరిగ్గా ఇక్కడే పొరబడతారు.

ఇంకోటి, ఆ రంగు ఆ రిసార్ట్‌లోని మిగతా స్లోప్‌లతో పోల్చి పెట్టింది. ఒక చోట నీలం ఇంకో చోట ఎరుపంత ఏటవాలుగా ఉండొచ్చు. పొద్దున చక్కగా దువ్విన మంచు మీద తేలికగా అనిపించిన దారే మధ్యాహ్నానికి గుట్టలు గుట్టలుగా, సాయంత్రం ఎండ తగ్గాక గట్టి ఐస్‌లా మారిపోతుంది. లిఫ్ట్ ఎక్కేముందు మ్యాప్ చూసి పైనుంచి కిందిదాకా మీ రంగులో దారి తెగకుండా ఉందో లేదో చూసుకోండి. లిఫ్ట్ పైదాకా వెళ్లాక అక్కడ నుంచి ఎరుపు తప్ప వేరే దారి లేని కొండలు ఉంటాయి. అలా ఇరుక్కుంటే గొండోలాలోనే, అంటే తీగ మీద నడిచే మూసిన క్యాబిన్‌లోనే, తిరిగి కిందికి రావచ్చు, చాలా చోట్ల చైర్‌లిఫ్ట్‌లో, అంటే తీగకి వేలాడే కుర్చీల లిఫ్ట్‌లో, కూడా రావచ్చేమో ఆపరేటర్‌ని అడిగితే చెప్తారు. సిగ్గుపడాల్సిన పనే లేదు.

నేర్పేది ఫ్రెండ్ కాదు, ఇన్‌స్ట్రక్టర్

మొదటి రోజు క్లాసుకి డబ్బు పెట్టండి. ఫ్రెండ్‌కి స్కీయింగ్ బాగా వచ్చు, నేర్పడం రాదు, పైగా తన రోజు వృథా అవుతుందన్న ఆత్రం ఉంటుంది. ఇన్‌స్ట్రక్టర్ మొదటి గంటలో చెప్పేది స్కీల ముందు కొసలు దగ్గరికి, వెనక కొసలు దూరంగా పెట్టి వి ఆకారంలో ఆగడం, స్నోప్లౌ అంటారు. స్నోబోర్డ్ అయితే మడమ వైపు అంచు మీద నిలబడి ఆగడం. అది ఎడమవైపు, కుడివైపు, కాస్త ఏటవాలులో, వేగం వచ్చినప్పుడు కూడా వచ్చేదాకా బిగినర్ ఏరియాలోనే ఉండండి. ఇన్‌స్ట్రక్టర్ 'ఇక వెళ్లొచ్చు' అంటే వెళ్లండి, ఫ్రెండ్ అంటే కాదు.

పడటం కూడా నేర్చుకోవాలి. స్కీల మీద అదుపు తప్పుతోందనిపిస్తే ఇంకా వేగం రాకముందే పక్కకి, కొండ పైవైపుకి తుంటి మీద కూర్చున్నట్టు పడిపోండి, చేతులు ముందుకి. వెనక్కి పడిపోతున్నప్పుడు ఎలాగైనా నిలదొక్కుకుందామని తంటాలు పడకండి, మోకాలి లిగమెంట్ తెగేది ఎక్కువగా ఆ ప్రయత్నంలోనే. పడ్డాక పూర్తిగా ఆగేదాకా లేవొద్దు. పోల్, అంటే స్కీయర్ చేతికర్ర, పట్టుకున్న చేతి మీద పడితే బొటనవేలి కీలు దెబ్బతింటుంది, కాబట్టి పడేటప్పుడు పోల్స్ వదిలేయండి. బోర్డ్ మీద ముందుకి పడితే అరచేతులు చాపకుండా పిడికిలి బిగించి ముంజేతుల మీద పడండి, వెనక్కి పడితే గడ్డం ఛాతీకి ఆనించి గుండ్రంగా దొర్లండి.

లిఫ్ట్ దగ్గర తడబాటు

కొత్తవాళ్లకి స్లోప్ కన్నా లిఫ్టే ఎక్కువ టెన్షన్. చైర్‌లిఫ్ట్ ఎక్కేముందు పోల్ పట్టీలు మణికట్టు నుంచి తీసేయండి, బ్యాగ్ ఉంటే ముందుకి తిప్పుకోండి, వేలాడే పట్టీలు, విరబోసిన జుట్టు లోపలికి సర్దుకోండి. స్నోబోర్డర్లు వెనక కాలు బైండింగ్ నుంచి తీసేయాలి. కూర్చోగానే బార్ దించండి, ఎవరికీ తగలకుండా 'బార్' అని ఒక మాట చెప్పి దించండి. పైకి చేరాక దిగి వెంటనే పక్కకి జరగాలి, అక్కడే నిలబడి ఫొటో తీసుకుంటే వెనక కుర్చీలో వచ్చేవాళ్లు నేరుగా మీ మీదికే వస్తారు. దిగడం కుదరకపోతే కంగారుపడి దూకొద్దు, చాలా లిఫ్టులు వాటంతటవే ఆగిపోతాయి, ఆపరేటర్ కూడా చూస్తూనే ఉంటాడు. కొండ మీదికి లాక్కెళ్లే డ్రాగ్ లిఫ్ట్‌లో మాత్రం కూర్చోకూడదు, అది లాగుతుంది, మోయదు. పడిపోతే వదిలేసి దారి నుంచి పక్కకి దొర్లిపోండి.

చివరి లిఫ్ట్ ఎన్నింటికో పొద్దునే చూసుకోండి. ఆల్ప్స్‌లో ఒక లోయ నుంచి ఇంకో లోయకి స్కీ చేసుకుంటూ వెళ్లిపోవచ్చు, తిరిగి వచ్చే లిఫ్ట్ మూసేస్తే హోటల్‌కి చేరడానికి రోడ్డు మీద చాలా దూరం చుట్టూ తిరిగి రావాలి.

ఎవరు ఎవరికి దారి ఇవ్వాలి

అంతర్జాతీయ స్కీ సమాఖ్య ఎఫ్‌ఐఎస్ 1967లో మొదలుపెట్టిన ప్రవర్తనా నియమాలు పది ఉన్నాయి, యూరప్‌లో ఢీకొన్న కేసుల్లో తప్పు ఎవరిదో తేల్చేటప్పుడు కోర్టులు వీటినే చూస్తాయి. అన్నీ బట్టీ పట్టక్కర్లేదు. అసలు విషయం ఇది: కింద ఉన్నవాళ్లకే ప్రాధాన్యం, వెనక నుంచి, పై నుంచి వచ్చేవాళ్లే తప్పించుకుని వెళ్లాలి. ముందు వెళ్తున్నవాళ్లు ఎటు తిరుగుతారో తెలియదు కాబట్టి దాటేటప్పుడు చాలా చోటు వదలాలి. స్లోప్ మీదికి వచ్చేముందు, ఆగి మళ్లీ కదిలేముందు పైకి చూడాలి. ఇరుకు చోట్ల, గుట్ట వెనక, పై నుంచి కనిపించని చోట ఆగకూడదు, నడవాల్సి వస్తే అంచు వెంట నడవాలి. స్నోబోర్డర్లు గుంపుగా స్లోప్ మధ్యలో కూర్చోవడం చాలా ప్రమాదం, కూర్చోవాలంటే అంచున, పైవాళ్లకి కనిపించేలా. బోర్డర్‌కి మడమ వైపు తిరిగేటప్పుడు వీపు వెనక ఏముందో కనిపించదు, వాళ్ల పక్కన వెళ్లే స్కీయర్లు ఇది గుర్తుంచుకుంటే చాలా గుద్దుకోవడాలు తప్పుతాయి. బోర్డు కింద పెట్టేటప్పుడు బైండింగ్స్ మంచులోకి ఉండేలా తిరగేసి పెట్టండి, లేకపోతే అది ఒంటరిగా జారిపోయి కింద ఎవరికో తగులుతుంది.

తాడు అవతల కొండ వేరే

ఈ ఒక్క తేడా తెలియక ప్రాణాలు పోయినవాళ్లున్నారు, కాస్త నిదానంగా చదవండి. అమెరికా, కెనడాలో రిసార్ట్ హద్దుల్లోపల తెరిచి ఉంచిన ప్రాంతం మొత్తాన్ని పెట్రోల్ వాళ్లు మంచుచరియల ప్రమాదం తగ్గేలా చూసుకుంటారు, దారి పక్కన చెట్ల మధ్యకి వెళ్లినా వాళ్ల పర్యవేక్షణలోనే ఉన్నట్టు. యూరప్‌లో అలా కాదు. అక్కడ గుర్తు పెట్టిన దారి, అంటే పిస్ట్, అంతవరకే వాళ్ల బాధ్యత. పిస్ట్ అంచు కర్రలు దాటి పది మీటర్లు పక్కకి వెళ్లినా మీరు అడవి కొండ మీద ఉన్నట్టే, చరియలు విరిగిపడకుండా అక్కడ ఎవరూ ఏమీ చేయరు, మంచు కింద రాయి ఉన్నా ఎవరూ గుర్తు పెట్టరు. పక్కన ఇంకెవరో గీసిన జాడలు కనిపిస్తాయి, లోతైన మెత్తటి మంచు మీద అవి చాలా అందంగా ఉంటాయి, కానీ ఆ జాడ అక్కడ భద్రంగా ఉందనడానికి సాక్ష్యం కాదు.

అవలాంచ్, అంటే మంచుచరియ, ప్రమాదాన్ని 1 నుంచి 5 దాకా అంకెల్లో ప్రకటిస్తారు, రిసార్ట్ బోర్డుల మీద, యాప్‌లలో రోజూ ఉంటుంది. 5కి 3 అంటే మధ్యస్థమే కదా అనిపిస్తుంది, అలా కాదు, ఒక్కో మెట్టుకీ ప్రమాదం అంతకంత పెరుగుతుంది. ప్రాణాలు పోయిన సంఘటనల్లో పెద్ద వాటా 3వ స్థాయి రోజుల్లోనే జరుగుతోంది, ఎందుకంటే 4, 5 రోజుల్లో జనం వెళ్లరు, 3 ఉంటే వెళ్తారు. పైగా చాలాసార్లు ఆ చరియని కదిలించేది అందులో చిక్కుకున్న మనిషో, పక్కన ఉన్న తోటివాళ్లో. 30 నుంచి 45 డిగ్రీల వాలు ఉన్న చోట్లే ఇవి ఎక్కువ. పిస్ట్ బయటికి వెళ్లాలన్న కోరిక గట్టిగా ఉంటే సర్టిఫైడ్ మౌంటెన్ గైడ్‌తో, ప్రతి ఒక్కరి ఒంటి మీద ట్రాన్స్‌సీవర్ (మంచు కింద ఉన్నవాళ్లని వెతకడానికి సిగ్నల్ పంపే, అందుకునే చిన్న పరికరం), బ్యాగ్‌లో పార, మంచులో గుచ్చి వెతికే ప్రోబ్ కర్రతో, వాటిని వాడటం ప్రాక్టీస్ చేశాకే వెళ్లండి. మంచు కింద కూరుకుపోయిన మనిషిని మొదటి 10 నిమిషాల్లో బయటికి తీస్తే బతికే అవకాశం చాలా ఎక్కువ, తర్వాత అది వేగంగా పడిపోతుంది, రెస్క్యూ టీమ్ అంతలో రాలేదు, మీ పక్కవాళ్లే తవ్వాలి. జాకెట్లలో కుట్టి వచ్చే రెక్కో రిఫ్లెక్టర్ ట్రాన్స్‌సీవర్‌కి బదులు కాదు, దాన్ని వెతికే యంత్రం రెస్క్యూ వాళ్ల దగ్గరే ఉంటుంది.

జపాన్‌లో ఇంకో ప్రమాదం ఉంది, ఉత్తర అమెరికా పశ్చిమ కొండల్లో కూడా. లోతుగా మంచు పడే చోట పెద్ద చెట్ల మొదట్లో, కొమ్మల కింద మంచు గట్టిపడకుండా గొయ్యిలా ఉండిపోతుంది, ట్రీ వెల్ అంటారు. అందులో తలకిందులుగా పడితే సొంతంగా బయటికి రావడం చాలా కష్టం, ఊపిరాడదు. చెట్ల మధ్యకి ఒక్కరే వెళ్లొద్దు, తోటివాళ్లు కళ్లకి కనిపించేంత దూరంలోనే ఉండాలి, విజిల్ మెడ దగ్గరే ఉండాలి. హొక్కాయిడోలోని నిసెకోలో రిసార్ట్ బయటికి వెళ్లాలంటే నిర్దేశించిన గేట్ల గుండానే వెళ్లాలని కచ్చితమైన నియమం ఉంది, గేటు మూసి ఉంటే వెళ్లడానికి లేదు, తాడు కింద నుంచి దూరితే పాస్ లాగేసుకుంటారు.

ఎత్తు, ఎండ, చలి

ఫ్రాన్స్‌లోని వాల్ తోరెన్స్ ఊరే 2,300 మీటర్ల ఎత్తులో ఉంది, అమెరికాలోని బ్రెకెన్‌రిడ్జ్ దాదాపు 2,900 మీటర్లు. దిగిన రోజే పైకి పరిగెత్తకండి, తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం ఎత్తు వల్ల కావచ్చు. నీళ్లు బాగా తాగి, ఆ రోజు తేలిగ్గా గడపండి, లక్షణాలు ముదిరితే కిందికి దిగడమే వైద్యం.

చలిగా ఉంది కదా అని సన్‌స్క్రీన్ మానేస్తారు. తాజా మంచు అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా తిరిగి మన మీదికే కొడుతుంది, ఎత్తుకి వెళ్లేకొద్దీ ఆ కిరణాలు ఇంకా పెరుగుతాయి. ముక్కు కింద, గడ్డం కింద, చెవుల వెనక కూడా రాయండి. గాగుల్స్ తీసి తిరిగితే కంటి పైపొర కాలిపోతుంది, నొప్పి అప్పుడే తెలియదు, రాత్రికి కళ్లలో ఇసుక పోసినట్టు మొదలవుతుంది. మబ్బు పట్టిన రోజుకి పసుపు, గులాబీ రంగు లేత లెన్స్ ఉంటే గుంతలు కనిపిస్తాయి. మంచుకీ ఆకాశానికీ తేడా తెలియనంతగా తెల్లబడిపోతే అంచు కర్రల్ని పట్టుకుని నెమ్మదిగా వెళ్లండి, లేదా కేఫ్‌లో కూర్చోండి.

ముక్కు, బుగ్గలు, చెవుల మీద తెల్లగా మైనంలా మచ్చ వచ్చి స్పర్శ పోతే అది ఫ్రాస్ట్‌బైట్ మొదలు. తోటివాళ్ల ముఖాలు అప్పుడప్పుడూ చూస్తూ ఉండండి, సొంత ముఖం మీది మచ్చ మనకి తెలియదు. వెంటనే లోపలికి వెళ్లి వెచ్చబరచాలి, మంచుతో రుద్దకూడదు.

మందు విషయంలో నా మాట కటువుగానే ఉంటుంది: స్కీలు విప్పాకే. ఇటలీలో తాగి స్కీ చేయడం చట్టప్రకారం నిషేధం, అలాంటి నిషేధం లేని చోట కూడా ఇన్సూరెన్స్ పోవచ్చు. అలసట కూడా దాదాపు అంతే పని చేస్తుంది. తొడలు మండుతున్నాయి, మలుపు ఆలస్యంగా వస్తోంది అనిపించిందంటే ఆ రోజుకి చాలు. 'ఇంకొక్క రౌండ్' అని ఎవరైనా అంటే గొండోలాలో కిందికి వస్తానని చెప్పండి.

ఎవరికైనా దెబ్బ తగిలితే

ముందు వెనక నుంచి వచ్చేవాళ్లు గుద్దకుండా చూడాలి. పడినవాళ్లకి కొంచెం పైన రెండు స్కీలని గుణకారం గుర్తులా మంచులో గుచ్చండి, ఒకరిని అక్కడ నిలబెట్టండి. మనిషిని కదిలించొద్దు, హెల్మెట్ తీయొద్దు, బూటు విప్పొద్దు, జాకెట్లు కప్పండి. స్కీ పెట్రోల్ నంబర్ మ్యాప్ మీద, పాస్ మీద ఉంటుంది, పొద్దునే ఫోన్‌లో సేవ్ చేసుకోండి. దొరక్కపోతే యూరప్ అంతటా 112, అమెరికా, కెనడాలో 911, జపాన్‌లో అంబులెన్స్‌కి 119, న్యూజిలాండ్‌లో 111. స్విట్జర్లాండ్‌లో రేగా హెలికాప్టర్ సర్వీస్ నంబర్ 1414, ఆస్ట్రియాలో కొండ రెస్క్యూ 140. ఎక్కడున్నారో చెప్పాలంటే పిస్ట్ పేరు, అంచు కర్ర మీది అంకె చదవండి. ఫోన్ పనిచేయకపోతే విజిల్ నిమిషానికి ఆరు సార్లు, ఒక నిమిషం ఆగి మళ్లీ ఆరు సార్లు, ఇది ఆల్ప్స్‌లో సాయం కోసం ఇచ్చే సంకేతం. హెలికాప్టర్ వస్తే రెండు చేతులూ పైకి చాపి వై ఆకారంలో నిలబడితే సాయం కావాలని, ఒక చెయ్యి పైకి ఒకటి కిందికి ఉంటే వద్దని అర్థం, ఊరికే చేతులు ఊపొద్దు.

ఢీకొన్న ప్రమాదమైతే అక్కడ నుంచి వెళ్లిపోవద్దు, తప్పు మీది కాకపోయినా సరే. పేర్లు, ఫోన్ నంబర్లు ఇచ్చి పుచ్చుకోవాలి, చూసినవాళ్లవి కూడా తీసుకోవాలి. అమెరికాలోని కొలరాడోలో వివరాలు ఇవ్వకుండా వెళ్లిపోవడం చట్టప్రకారం నేరం.

తలకి దెబ్బ తగిలితే పరీక్ష చేయించుకోవాల్సిందే, మనిషి నవ్వుతూ మాట్లాడుతున్నా సరే. ఆ రోజుకి స్కీయింగ్ బంద్, రాత్రి ఒంటరిగా పడుకోనివ్వొద్దు. తలనొప్పి పెరగడం, వాంతులు, మాట తడబడటం, అతిగా నిద్రమత్తు, వీటిలో ఏది కనిపించినా వెంటనే హాస్పిటల్‌కి.

ఇన్సూరెన్స్ కంపెనీకి హాస్పిటల్‌లో చేరకముందో, కుదరకపోతే చేరిన వెంటనేనో ఫోన్ చేయాలి, చాలా పాలసీల్లో ఇది షరతు. పెట్రోల్ వాళ్ల ప్రమాద నివేదిక, డాక్టర్ రిపోర్ట్, ఎక్స్‌రే కాపీలు, అసలు బిల్లులు అక్కడే అడిగి తీసుకోండి, ఇంటికి వచ్చాక ఇంకో దేశం నుంచి వాటిని తెప్పించుకోవడం చాలా కష్టం. కాలికి కట్టు వేయించుకుని విమానం ఎక్కుతుంటే ఎయిర్‌లైన్స్‌కి ముందే చెప్పాలి. కొత్తగా వేసిన కట్టుతో 24 నుంచి 48 గంటల దాకా ఎక్కనివ్వకపోవచ్చు, లోపల వాపు పెరిగి కట్టు బిగుసుకుపోతుందని. డాక్టర్ దగ్గర ప్రయాణానికి అభ్యంతరం లేదన్న సర్టిఫికెట్, ఎక్కువసేపు కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా ఏం చేయాలన్న సలహా, రెండూ డిశ్చార్జ్ అయ్యేటప్పుడే అడిగి తీసుకోండి.